అనంతపురం జిల్లాలో పాతికేళ్లలో ఎవరి పని ఎటు పోయింది?

శెనక్కాయ_చేను (కళ్యాణదుర్గం) · 2025 జూలై 6

అందరికీ నమస్కారం. మా చెల్లెలి కూతురు ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతోంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో 2000 నుంచి ఏ రంగంలో పని పెరిగింది, ఏ రంగంలో తగ్గింది అని ప్రాజెక్టు ఇచ్చారట. ఆ పిల్లకి చేతికి దొరికింది 2011 జనగణన ఒక్కటే. అందులో సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమ, ఇతరులు అని నాలుగే గళ్లు. ఆ పద్ధతిలో రాస్తే కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసేవాడూ, బస్టాండులో టీ అమ్మేవాడూ ఇద్దరూ "ఇతరులే".

అంకెల తిప్పలు ఆమె పడుతుంది. నేను అడిగేది వేరే. మీ ఊళ్లో అప్పుడుండి ఇప్పుడు లేని పని ఏది? అప్పుడు లేకుండా ఇప్పుడొచ్చింది ఏది? కళ్లతో చూసింది రాయండి. పార్టీల గొడవ దయచేసి వద్దు.

నేనే మొదలుపెడతా. మా వైపు జూన్‌లో వాన పడితే ఊరంతా శెనక్కాయే (వేరుశనగ). జిల్లా మొత్తం మీద ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వేసిన సంవత్సరాలున్నాయి. ఇప్పుడు అందులో సగం అయినా ఉందంటే గొప్పే. విత్తుకు ముందు కాయ ఒలవాలి. మే నెలలో ఏ అరుగు మీద చూసినా చేటలు, కాయల కుప్ప, బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు. మిషన్‌లో వేస్తే గింజ పప్పుగా విడిపోయి మొలవదని చేత్తోనే ఒలిపించేవాళ్లు. పడికి ఇంత అని కూలీ. పిల్లలకి బడి పుస్తకాలు ఆ డబ్బుతోనే వచ్చేవి. ఇప్పుడు ట్రాక్టరు వెనక ఒలిచే మిషనే ఊరికొస్తుంది, పూటలో అయిపోతుంది.

---

పాత_బ్యాంకు (అనంతపురం)

మంచి విషయం ఎత్తారు. గ్రామీణ బ్యాంకులో పంట రుణాలు ఇస్తూ నా సర్వీసంతా ఈ జిల్లాలోనే గడిచింది.

శెనక్కాయ తగ్గిందంటే చేలో కూలీ తగ్గిందనే అందరూ అనుకుంటారు. కాయ ఇల్లు దాటాక కూడా అంత పనీ ఉండేది. అనంతపురం, కదిరి, గుంతకల్లు, హిందూపురం, ఎటు పోయినా నూనె మిల్లులు, డెకార్టికేటర్లు (కాయ ఒలిచే పెద్ద మిషన్లు). ఒక్కో మిల్లును పట్టుకుని హమాలీలు, గింజ ఏరే ఆడవాళ్లు, గోతాలు కుట్టేవాళ్లు, ఎద్దులబండ్లు, బ్రోకర్లు, గుమాస్తాలు. 1994లో పామాయిల్ దిగుమతికి గేట్లు ఎత్తేశారు. చౌక నూనె ముందు మన మిల్లు ఆగలేకపోయింది. నేను లోన్లు ఇచ్చిన మిల్లుల్లో రెండు ఇప్పుడు కల్యాణ మండపాలు. ఆ మాటకొస్తే అవే బాగా నడుస్తున్నాయి.

వాన లేక శెనక్కాయ పోయిందని రాస్తారు పేపర్లలో. సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఇక్కడ, ఇది ఎప్పుడూ కరువు జిల్లానే. శెనక్కాయ పెరిగింది కూడా ఈ వానతోనే. మారింది ఖర్చు. విత్తనం, మందులు, కూలీ లెక్కేసుకుంటే ఒక వాన తప్పినా అప్పే మిగిలేది.

2003లో సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు వచ్చి డ్రిప్‌కి సబ్సిడీ దొరికాక బోరున్న రైతు చీనీకి (బత్తాయికి), దానిమ్మకి, అరటికి మళ్లాడు. 2021 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై దగ్గరి జేఎన్‌పీటీ రేవుకి అరటికాయలతో ప్రత్యేక రైలే వెళ్లింది. డబ్బు వచ్చింది, కాదనను. పని సంగతి చూడండి. నాలుగెకరాల శెనక్కాయకి విత్తడం, కలుపు, పీకడం, కాయ కోయడం, వామి వేయడం, నాలుగు నెలలు ఊళ్లోవాళ్లకి చేతినిండా ఉండేది. నాలుగెకరాల చీనీకి ఒక మనిషి, ఒక స్టార్టరు చాలు. కాయ కోతకి వ్యాపారే తన గుంపును తెచ్చుకుంటాడు.

---

టమోటా_గంప (గార్లదిన్నె)

చీనీ సరే సార్, టమోటా మరిచిపోయారు. కట్టెలు నాటాలి, తీగ కట్టాలి, రోజు మార్చి రోజు కోయాలి. కక్కలపల్లి మార్కెట్‌కి సీజన్‌లో వచ్చి చూడండి, తెల్లారకముందే గ్రేడింగ్ చేసే ఆడవాళ్లే ఎక్కువ. పని ఉంది. రేటు పడిపోయిన వారం మాత్రం కోతకూలీ కూడా రాదని చేలోనే వదిలేస్తాం. అప్పుడు వాళ్లకీ లేదు, మాకూ లేదు.

---

డాలస్_కదిరోడు

ఇంత బాధపడాల్సిన విషయమా ఇది? వ్యవసాయం నుంచి జనం బయటికి రావడమే కదా అభివృద్ధి. ఏ దేశం చూసినా అంతే. మా తాత శెనక్కాయ వేశాడు, నాన్న టీచరు, నేను ఇక్కడ సాఫ్ట్‌వేర్. కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, దాని చుట్టూ అన్ని కంపెనీలు వచ్చాయి. మొన్న సెలవులకి వచ్చినప్పుడు పెనుకొండ రోడ్డు మీద కొరియన్ బోర్డులతో హోటళ్లు చూసి నోరెళ్లబెట్టాను. ఉపాధి హామీ పెట్టి కూలీలకి అలవాటు చెడగొట్టారు గానీ లేకపోతే ఇంకా ముందుకు పోయేవాళ్లం.

---

రాత్రి_షిఫ్ట్ (సోమందేపల్లి)

అన్నా, మీరు బోర్డులు చూశారు, నేను లోపల ఉన్నాను కాబట్టి రాస్తున్నా. 2017 ఏప్రిల్‌లో కియాతో ఒప్పందం. ఎర్రమంచి దగ్గర కొండలు చదును చేస్తుంటే మేము బైకుల మీద పోయి చూసేవాళ్లం. 2019 జనవరిలో ట్రయల్, ఆగస్టుకి సెల్టోస్ కారు మార్కెట్లోకి. ఏడాదికి 3 లక్షల కార్ల కెపాసిటీ. 2023 జూలైకి 10 లక్షల బండ్లు బయటికొచ్చాయి. అదేమీ చిన్న సంగతి కాదు, మాకూ గర్వమే.

నేను పనిచేసేది దానికి వైర్లు కట్టి ఇచ్చే ఒక వెండర్ కంపెనీలో. నిలువుగా పెద్ద బోర్డు ఉంటుంది, దాని మీద మేకులు, రంగురంగుల వైర్లు. బోర్డు కదులుతూ ముందుకొస్తుంది, మన వంతు వైర్లు మేకుల వెంట పరిచి క్లిప్పు నొక్కి వదలాలి. వదిలేలోపే ఇంకోటి వస్తుంది. నా లైనులో సగానికి పైగా అమ్మాయిలే, చేతివేళ్లు సన్నగా ఉంటాయని తీసుకుంటారు. అందరికీ ఇరవై, ఇరవై రెండు. డిప్లొమా, ఐటీఐ, ఇంటర్. ట్రైనీ అని చేరతాం, గడువు అయ్యాక కొందరిని ఉంచుకుంటారు, మిగతావాళ్లు గేటు దాటి పక్క కంపెనీలో మళ్లీ ట్రైనీ. నేను మూడో చోట ట్రైనీని.

మా అమ్మ కాయ ఒలిచినామె. మా లైనులోకి ఆమె వయసువాళ్లని ఎవరూ తీసుకోరు, క్యాంటీన్‌లోకి, హౌస్‌కీపింగ్‌లోకి తప్ప. పని పోయినామె ఒకరు, పని వచ్చింది ఇంకొకరికి. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటే బయటినుంచి చూసేవాళ్లకి అంతా సరిపోయినట్టే కనిపిస్తుంది.

---

పెన్నేటి_గట్టు (తాడిపత్రి)

75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని 2019లో చట్టం చేశారు కదా తమ్ముడూ?

---

రాత్రి_షిఫ్ట్ (సోమందేపల్లి)

చేశారన్నా. అందులో స్థానికుడంటే రాష్ట్రంవాడు. నా రూములో నలుగురం, ఒకడు శ్రీకాకుళం, ఒకడు ప్రకాశం. మంచి పిల్లలే. చట్టం ప్రకారం వాళ్లూ స్థానికులే, ఎర్రమంచి వాడూ స్థానికుడే.

---

కూలీ_మేట్ (నార్పల)

డాలస్ అన్నా, ఉపాధి పని గురించి మీరన్న మాట విని ఊరుకోలేక రాస్తున్నా. దేశంలో ఆ పథకం మొదలైంది మా మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న, ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చారు. అప్పుడు రోజుకి 80 రూపాయలు. 2025లో 307. అది కూడా కొలతకి తగ్గ పని చేస్తేనే. ఎర్రనేలలో ఎండాకాలం గుంత తవ్వి చూడండి, అలవాటు చెడుతుందో నడుం పడుతుందో తెలుస్తుంది.

మా ఊళ్లో ఉపాధి పని ఎక్కువ జరిగేది వేసవిలో. అప్పుడు చేలల్లో పనెక్కడుంది చెడగొట్టడానికి? రైతులు కూలీ రేటు పెంచాల్సి వచ్చింది, అది నిజం. ముందు మగాళ్లకి ఒక రేటు, ఆడవాళ్లకి అందులో సగానికి కొంచెం ఎక్కువ. ఉపాధి పనిలో ఇద్దరికీ ఒకటే. అది అలవాటయ్యాక చేలో కూడా అడగడం మొదలుపెట్టారు. కొంతమందికి నచ్చనిది అదే.

ఇంకో మాట. ఉపాధి కిందనే సన్నకారు రైతుల పొలాల్లో మామిడి, చీనీ మొక్కలు నాటించారు. గుంతలు తీసింది మేమే. ఆ తోట పెరిగాక దానిలో మాకు పని లేదు. నవ్వుకోవడానికి బాగుంటుంది ఇది.

---

డాలస్_కదిరోడు

@కూలీ_మేట్ రేటు పెరిగితేనే కదా రైతు మిషన్ కొన్నాడు, తోట వేశాడు. ఇటు కూలీ పెంచి అటు పని పోయిందంటే ఎట్లా? నేను మీమీద కోపంతో అనడం లేదు, లెక్క చెబుతున్నా.

---

పాత_బ్యాంకు (అనంతపురం)

వరస తిరగేసి చెబుతున్నారు. కాయ కోసే మిషన్లకి, నూర్పిడి మిషన్లకి మేము లోన్లు ఇవ్వడం 2006కి ముందే మొదలైంది. కదిరి, తలుపుల, నంబులపూలకుంట వైపు నుంచి మనుషులు కేరళకి, గల్ఫ్‌కి, బెంగళూరుకి పోవడం అంతకన్నా పాతది. కూలీలు లేక మిషన్ వచ్చిన ఊళ్లున్నాయి, మిషన్ వచ్చి కూలీలు పోయిన ఊళ్లున్నాయి. కదిరోడివి కదా నాయనా, కేరళ బస్సు మీ ఊరి మీదుగానే పోయేది.

---

చింతపండు_మండీ (హిందూపురం)

ఎవరూ మా వైపు రాయలేదు కాబట్టి నేను రాస్తా. హిందూపురం అంటే బెల్లం, చింతపండు, పట్టుగూళ్లు. మూడింటి మార్కెట్లూ ఇప్పటికీ ఉన్నాయి. చింతపండు సీజన్ వస్తే లోడు ఇంటి ముందు దించిపోతారు. కాయ పెంకు కొట్టి, ఈనెలు తీసి, గింజ వేరుచేసి ఇవ్వాలి. కిలోకి ఇంత. చిన్న సుత్తి, కింద రాయి, పక్కన బేసిన్. సుత్తి దెబ్బ గురి తప్పితే వేలికే. ఇంట్లో పిల్లలు, అవ్వ, అందరూ కూర్చుంటారు కానీ డబ్బులు ఒక్కరి పేరున రాస్తారు. సీజన్ అయ్యేసరికి వేళ్లు నల్లబడి పోతాయి, పులుపుకి చర్మం ఒలుస్తుంది. నేను పెళ్లయిన కొత్తలో చేశాను, మా అత్త ఇప్పటికీ చేస్తుంది. మిషన్ వస్తుందని ఎప్పటినుంచో అంటున్నారు.

కొత్తగా వచ్చింది గార్మెంట్స్ బస్సు. తెల్లారి ఆరింటికి ఊళ్ల మీదుగా పోతుంది. కొన్ని మన వైపు యూనిట్లకి, కొన్ని కర్ణాటక సరిహద్దు దాటి గౌరీబిదనూరు, దొడ్డబళ్లాపురం దాకా. నేను కొంతకాలం చేశాను. గంటకి ఇన్ని కాలర్లు అని టార్గెట్, నీళ్లు తాగితే బాత్రూమ్‌కి పోవాలని నీళ్లు తాగం. అయినా నెలాఖరుకి జీతం అకౌంట్లో పడుతుంది, ఈఎస్ఐ కార్డు ఉంటుంది, పీఎఫ్ ఉంటుంది. కాయ ఒలిచినందుకు పీఎఫ్ ఎవరిచ్చారు? అందుకే పాత పని గొప్పదని మగవాళ్లు రాస్తుంటే నాకు కొంచెం మంటగానే ఉంది.

పీఎఫ్ మొత్తం మధ్యలో తీసుకోకూడదని రూలు తెస్తే 2016 ఏప్రిల్‌లో బెంగళూరు గార్మెంట్స్ ఆడవాళ్లు రోడ్ల మీదికొచ్చారు, కేంద్రం వెనక్కి తగ్గింది. మన పల్లెల నుంచి వెళ్లినవాళ్లకీ అదే పీఎఫ్. పిల్ల పెళ్లికో, ఇంటి స్లాబుకో అదే దిక్కు.

నలభై దాటాక మాత్రం కన్ను సూది మీద నిలవదు. అప్పుడు మళ్లీ చింతపండే.

---

శెనక్కాయ_చేను (కళ్యాణదుర్గం)

అక్కా, మీరు చెప్పింది బాగా తగిలింది. నేను అరుగు మీద ఒలిచేవాళ్లని చూశాను కానీ ఒలవలేదు. మా పిల్లకి మీ పోస్టు మొదట చూపిస్తా.

---

మగ్గం_గుంత (ధర్మవరం)

మా పట్టు చీరల సంగతి రెండు ముక్కల్లో అయ్యేది కాదు, అయినా ప్రయత్నిస్తా.

చేమగ్గం మీద పట్టు చీర ఒక్కరు నేసేది కాదు. నేను మగ్గం గుంతలో కూర్చుంటే మా ఇంటావిడ కండెలకి దారం చుడుతుంది, రేషం (పట్టుదారం) సాపు చేస్తుంది, అతుకు వేసేటప్పుడు పక్కన ఉంటుంది. సర్వేకి వచ్చినవాళ్లు "మీరేం చేస్తారమ్మా" అని అడిగితే ఆమే "ఏమీ లేదు, ఇంట్లోనే" అంటుంది. అలా లెక్కల్లో మగ్గానికి ఒక మనిషి. మగ్గం ఆగితే ఇద్దరికి పని పోతుంది, పుస్తకంలో ఒక్కటే తగ్గుతుంది.

మరమగ్గం మీద అదే డిజైన్ రోజుకొక చీర దిగుతుంది, ఒక మనిషి రెండు మగ్గాలు చూసుకుంటాడు. 1985 చట్టం ప్రకారం కొన్ని రకాలు చేమగ్గానికే వదిలిపెట్టాలి, పదకొండు రకాలు. ధర్మవరంలో రాత్రిపూట వీధిలో నడిచి చెవి పెట్టండి, చట్టం ఎంత అమలవుతుందో వినిపిస్తుంది. చేనేత వాళ్లే అప్పు చేసి మరమగ్గం పెట్టుకున్నారు, ఎవరిని అనాలి?

నేతవాళ్లకి డబ్బులిచ్చే నేతన్న నేస్తం పథకం 2019 డిసెంబరులో మా ఊళ్లోనే మొదలుపెట్టారు. ఏడాదికి 24 వేలు ఇచ్చేవాళ్లు. సొంత మగ్గం ఉన్నవాడికి. షావుకారు మగ్గం మీద కూలికి నేసేవాడికి రాలేదు. మా వీధిలో ఎక్కువ మంది కూలికి నేసేవాళ్లే.

మా పెద్దోడు మగ్గం ఎక్కనన్నాడు. బెంగళూరులో డెలివరీ చేస్తాడు. రెండోవాడు కార్ల వైపు పోయాడు. మంచిదే. కొనేవాళ్లు మాత్రం ఇప్పటికీ "పెళ్లికి ధర్మవరం పట్టు కావాలి, రెండు వేలల్లో" అంటారు.

---

జీన్స్_దారం (రాయదుర్గం)

మాది ఇంకో లోకం. రాయదుర్గంలో సగం వీధుల్లో జీన్స్ కుట్టే మిషన్ల చప్పుడే. కటింగ్ ఒక ఇంట్లో, జేబు ఒక ఇంట్లో, జిప్పు ఒక ఇంట్లో. వాషింగ్‌కి, అమ్మకానికి బళ్లారితో పని. పీసుకి ఇంత అని కూలీ, కరెంటు పోతే కూలీ పోతుంది. ఫ్యాక్టరీ అని బోర్డు ఉండదు, కాబట్టి ఫ్యాక్టరీల లెక్కలో ఉండం. జాతీయ రహదారి మీద పెద్ద షెడ్డు వేస్తేనే పరిశ్రమ అనుకుంటారు మనవాళ్లు. 2020 లాక్‌డౌన్‌లో బళ్లారి నుంచి ఆర్డరు ఆగితే ఇక్కడ ఎంతమంది ఇంట్లో కూర్చున్నారో ఏ పేపరూ రాయలేదు. శెనక్కాయ వదిలి మిషన్ మీద కూర్చున్నవాళ్లు మా దగ్గర చాలామంది, వాళ్లు మళ్లీ పొలం వైపు పోరు.

---

గాలిమర (రామగిరి)

మా ఊరి చరిత్ర చూస్తే నవ్వొస్తుంది. మొదట బంగారు గని. గని ఉన్నన్నాళ్లు కాలనీ, ఆస్పత్రి, జీతగాళ్లు, దుకాణాలు. భారత్ గోల్డ్ మైన్స్ 2001లో మూతపడింది, దాంతో అదీ పోయింది. ఇప్పుడు కొండల మీద గాలిమరలు. కట్టేటప్పుడు రోడ్లు వేయడానికి, సామాన్లు ఎత్తడానికి పని దొరికింది. నిలబెట్టాక ఒక్కో దానికి ఒక వాచ్‌మన్, అది కూడా వంతులు.

నంబులపూలకుంట సోలార్ పార్కు అంతకన్నా పెద్దది. 1500 మెగావాట్ల ప్లాను, 2016లో మొదటి 250 మెగావాట్లు మొదలయ్యాయి. మా బావమరిది అక్కడ పలకలు కడిగే పనికి పోయేవాడు. అద్దం మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది కాబట్టి కడగాలి, మధ్యలో గడ్డి కోయాలి. అదే మిగిలిన పని. ఇంజనీరు బయటి నుంచే వస్తాడు. ముందు ఆ నేలలో గొర్రెలు మేసేవి. గొర్రెలవాళ్లు ఎటు పోయారని ఎవరూ అడగలేదు, వాళ్ల పేరున పట్టా ఉంటే కదా అడిగేది.

ఇంకా చిలమత్తూరు, గోరంట్ల వైపు నాలెడ్జ్ హబ్ అని 2009 ప్రాంతంలో ఎనిమిది వేల ఎకరాలకు పైగా తీసుకున్నారు. పరిశ్రమ రాలేదు, సేద్యమూ పోయింది. ఇట్లాంటి చోట్ల పని తగ్గింది అని ఏ గడిలో రాయాలి?

---

పెన్నేటి_గట్టు (తాడిపత్రి)

అది ఎవరి హయాంలో ఇచ్చారో కూడా రాయండి మరి. భయమెందుకు?

---

వేదిక_నిర్వాహకుడు

పార్టీల సంగతి వద్దని మొదటి పోస్టులోనే అన్నారు. ఈ మాటకి వచ్చిన అయిదు జవాబులు తీసేశాను. కేసులు కోర్టుల్లో ఉన్నాయి, ఇక్కడ తేల్చలేం. పని గురించి రాయండి. పెన్నేటి_గట్టు గారూ, తాడిపత్రి బండల గురించి మీరొక్కరే చెప్పగలరు.

---

పెన్నేటి_గట్టు (తాడిపత్రి)

సరే అయ్యా. తాడిపత్రి నల్లబండ మీకందరికీ ఇళ్లలో తెలుసు. క్వారీలో బండ తీసేవాడు, ట్రాక్టరువాడు, పాలిష్ మిషన్ మీద నిలబడేవాడు, లోడింగ్ హమాలీ. మిషన్ కింద నీళ్లు, సున్నపు బురద, రోజంతా తడికాళ్లు. టైల్స్ వచ్చాక కొత్త ఇళ్లలో బండలు వేసేవాళ్లు తగ్గారు. పాలిష్ యూనిట్లు చాలా నిద్రపోతున్నాయి. సిమెంటు, స్టీలు ఫ్యాక్టరీలు వచ్చాయి, వాటిలో పర్మనెంటు తక్కువ, కాంట్రాక్టు ఎక్కువ. బూడిద లారీలు, సున్నపురాయి లారీలు నడిపే డ్రైవర్లు మాత్రం బాగా పెరిగారు. మా జిల్లాలో లారీ డ్రైవరు అనేది పెద్ద పరిశ్రమ, దాన్ని ఎవరూ పరిశ్రమ అనరు.

---

చిత్రావతి (పుట్టపర్తి)

ఒక్క మనిషిని నమ్ముకున్న ఊరు మాది. సత్యసాయి బాబా ఉన్నప్పుడు రూములు, ఆటోలు, ఫోటోల అంగళ్లు, విదేశీయుల కోసం బేకరీలు, ఇంగ్లీషు మాట్లాడే కుర్రాళ్లు. 2011 ఏప్రిల్ 24న ఆయన పోయాక ఏడాది తిరక్కుండా రూములకి టులెట్ బోర్డులు. ఆస్పత్రి, బడులు నడుస్తున్నాయి కాబట్టి ఊరు నిలిచింది. 2022లో జిల్లా కేంద్రం అయ్యాక ఆఫీసులు వచ్చాయి, ఉద్యోగులకి ఇళ్లు కావాలి, అద్దెలు కొంచెం లేచాయి. విదేశీయులకి రూము చూపించిన ఆటో తమ్ముడు ఇప్పుడు కలెక్టరేట్‌కి అర్జీదార్లని తిప్పుతున్నాడు. కిరాయి బేరం మాత్రం వీళ్లతోనే కష్టమంటాడు.

---

లెక్కల_పంతులు (గుత్తి)

అందరూ చెప్పింది చదివాక ఆ అమ్మాయికి పనికొచ్చే మాట చెబుతా.

జనగణనలో ఆరు నెలలు, ఆపైన పనిచేస్తే ప్రధాన శ్రామికుడు, తక్కువైతే ఉపాంత శ్రామికుడు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఏ పని చేస్తే ఆ గడిలో వేస్తారు. చింతపండు కొట్టి, వేసవిలో ఉపాధికి పోయి, వానాకాలం కలుపు తీసే ఆడమనిషిని ఏ గడిలో వేస్తారు? చాలాసార్లు ఏ గడిలోనూ వేయరు, గృహిణి అని రాసుకుపోతారు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదాపడి 2027కి వెళ్లింది. అంటే కియా వచ్చాక ఇంటింటికీ వెళ్లి తీసిన జనగణన లెక్క మనకి ఇంకా లేనే లేదు.

పీఎల్ఎఫ్ఎస్ అనే కార్మిక సర్వే 2017లో మొదలైంది. రాష్ట్రానికి నమ్మొచ్చు, జిల్లాకి శాంపిల్ సరిపోయేది కాదు. 2025 జనవరి నుంచి జిల్లాను ఆధారం చేసుకుని శాంపిల్ తీసేలా మార్చారు. ఆమె ప్రాజెక్టుకి అది అందదు. ఇంకో తంటా, 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండయింది. పాత జిల్లా అంకెని కొత్త అనంతపురంతో పోల్చి పని తగ్గిందని రాస్తే పంతులు సున్నా వేస్తాడు. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం, కదిరి అన్నీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి.

కాబట్టి జిల్లా మొత్తం వదిలేసి ఒక్క ఊరు పట్టుకోమనండి. నలభై ఇళ్లు చాలు. "మీరేం చేస్తారు" అని అడగొద్దు. చైత్రం నుంచి ఫాల్గుణం దాకా నెలనెలా ఏం చేశారని అడగాలి. పండగలు గుర్తుచేస్తే వాళ్లకే తేలిగ్గా వస్తుంది, ఉగాదికి ఏం పని, ఏరువాకకి ఏం పని, దసరాకి ఏం పని అని. ఆడవాళ్లని మగవాళ్లు లేనప్పుడు అడగాలి, మగ్గం అన్న చెప్పిన కారణానికే.

---

డాలస్_కదిరోడు

పంతులుగారి పద్ధతి బాగుంది, ఒప్పుకుంటా. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. పని పోయిన నలభై అయిదేళ్ల మనిషికి ఫ్యాక్టరీ పనికిరాదు, తోట పనికిరాదు అంటున్నారు. మరి ఏం చేయాలంటారు? శెనక్కాయ మళ్లీ వేయించలేం కదా.

---

కూలీ_మేట్ (నార్పల)

వేయించక్కర్లేదన్నా. ఇప్పుడు శెనక్కాయ స్థానంలో కంది, ఆముదం వేస్తున్నారు, వాటికి కూలీ తక్కువ. మా పక్క ఊళ్లో కొందరు కొర్ర, సజ్జ, కంది కలిపి వేస్తున్నారు, కలుపుకి మళ్లీ మనుషులు కావాల్సి వస్తోంది. దానితో అందరూ బతకరు, నాకూ తెలుసు. ఉపాధి పని రోజులు పూర్తిగా దొరికి, డబ్బులు ఆలస్యం కాకుండా పడితే ఆ వయసువాళ్లకి అదే పెద్ద అండ. మా గుంపులో నలభై దాటిన ఆడవాళ్లే ఎక్కువ. మీరు అలవాటు చెడిందన్నది వాళ్ల గురించే.

---

చింతపండు_మండీ (హిందూపురం)

నాదొకటి. చింతపండుకి గోడౌన్, కోల్డ్ స్టోరేజి ఉన్నది వ్యాపారికి. మా సంఘంలో పదిమందిమి కలిసి ఒకసారి లోడు మేమే కొని, కొట్టి, నాలుగు నెలలు ఆపి అమ్మాం. కూలీకి కొట్టినదానికన్నా బాగా మిగిలింది. మరుసటేడు చేయలేకపోయాం, ఆపడానికి చోటు లేదు, పండు నల్లబడింది. పెద్ద ఫ్యాక్టరీకి వందల ఎకరాలు ఇస్తారు, మాకు చల్లని గది ఒకటి అద్దెకిప్పించమంటే తిప్పుతారు. ఏం చేయాలని అడిగారు కదా డాలస్ తమ్ముడూ, ఇది చేయొచ్చు.

---

డాలస్_కదిరోడు

అక్కా, ఆ గదికి ఎంతవుతుందో వివరం మెసేజ్ పెట్టండి. మా వాళ్లు నలుగురైదుగురు ఉన్నారిక్కడ, అడిగి చూస్తా. దానంగా కాదు, అప్పుగా.

---

పాత_బ్యాంకు (అనంతపురం)

అప్పుగానైతే ముందు నాకు చూపించండి. సంఘం పుస్తకాలు, మార్కెట్ రసీదులు ఉంటే వడ్డీ తక్కువ పడే దారులున్నాయి. డాలర్లు తర్వాత.

---

శెనక్కాయ_చేను (కళ్యాణదుర్గం)

పిల్ల ఇదంతా చదివింది. జిల్లా వదిలేసి ఒక ఊరే తీసుకుంటానంది. శెనక్కాయ వేసిన ఊరు, గార్మెంట్స్ బస్సు ఆగే ఊరు, కార్ల కంపెనీకి పోయేవాళ్లున్న ఊరు, మూడూ ఒకటే అయితే బాగుంటుందట. సోమందేపల్లి పక్కన అట్లాంటిది ఏదైనా ఉందా? రాత్రి_షిఫ్ట్ తమ్ముడూ, నువ్వే చెప్పాలి.

---

రాత్రి_షిఫ్ట్ (సోమందేపల్లి)

మా అమ్మవాళ్ల ఊరే ఉందన్నా, నలభై కాదు, వంద ఇళ్లున్నాయి. ఆదివారం రమ్మనండి, గార్మెంట్స్ వాళ్లు ఆ రోజే ఇంట్లో దొరుకుతారు. నాకు వచ్చే వారం పగలు షిఫ్టు, ఆదివారం సెలవు, నేనే బస్టాండు నుంచి తీసుకెళ్తా. మా అమ్మకి ముందే చెప్పి పెడతా, లేకపోతే "నేనేం చేస్తాను, ఇంట్లోనే ఉంటా" అంటుంది.